సగం నూనె

డ్యులూత్ కొండ మీద ఇళ్ళన్నీ
సరస్సులోకి జారబోయి ఆఖరి క్షణంలో
మనసు మార్చుకున్నట్టు ఉంటాయి. మా వాకిలీ అంతే.
అందుకే వెనక చక్రాలకి రెండేసి చెక్క దుంగలు.
ముందు భాగాన్ని స్టాండ్ల మీదికి ఎక్కించి,
ఒకటికి రెండుసార్లు కుదిపి చూసి,
వెల్లకిలా దూరాను
తొంభై మూడో సంవత్సరపు బ్యూయిక్ కడుపు కిందికి.

"రెండు లక్షల పది వేల మైళ్ళు," అన్నాడు
కంచె అవతల నుంచి ఓర్విల్ కంగాస్,
"కొరివితో తల గోక్కుంటావెందుకు రోనా?
ఇన్నాళ్ళూ దాన్ని లాక్కొస్తున్నది ఆ మురికే.
తీసేశావో, ఇక అడుగు వెయ్యదు."

అబద్ధం కాదు, అలా అయిన బళ్ళు నేనూ చూశాను.
ఇది ఇప్పటికే మూడో గేరు దగ్గర,
గడప దాటబోతూ ఏదో మరిచిపోయిన మనిషిలా
ఆగుతుంది.

గ్లవ్ బాక్సులో ఆర్విడ్ లుండీన్ నోటు పుస్తకం ఉంది.
పెన్సిలు రాత. ప్రతి ఇంజను ఆయిలూ, ప్రతి టైరూ,
వైపర్ బ్లేడు ధర కూడా సెంట్లతో సహా.
గేర్‌బాక్సు నూనె గురించి
ఒక్క ముక్క లేదు.

వెనక వైపు బోల్టులు ముందు విప్పి,
ముందు వైపువి రెండు మూడు వదులుగా ఉంచి,
అంచున స్క్రూడ్రైవర్ పెట్టి తడితే
పాన్ ఒక మూల పెదవి విప్పింది.
ఎర్రగా ఉండాల్సింది. మాడిన బెల్లప్పాకం.
గోరువెచ్చగా మోచేతి దాకా, అక్కణ్ణుంచి చంకలోకి.
పెనం మీద మరిచిపోయిన రొట్టె వాసన.

అడుగున అయస్కాంతం, దాని నిండా బూడిద రంగు నూగు.
వేళ్ళ మధ్య రాస్తే మొహానికద్దే పౌడరంత మెత్తన.
ఇనప ముక్కల్లేవు. విరిగిన పళ్ళు లేవు.
ఒకదాన్నొకటి ఓపిగ్గా అరగదీసుకున్న ఏళ్ళు, అంతే.

గుడ్డతో తుడుస్తుంటే గోటికి ఏదో తగిలింది.
రేకు లోపలి వైపు, మేకుతో గీసిన గీతలు.
హెచ్. 99 అక్టోబరు. 96,400.
దాని కింద, చెయ్యి కాస్త వణికినట్టు,
హెచ్. 2008. 1,61,000.

ఆర్విడ్ కాదు. హిల్మా.
కారు అమ్మిన రోజు తాళాలు నా చేతిలో పెడుతూ
"మూడో గేరు దగ్గర కాస్త ఆగుతుంది,
తొందరపెట్టకు" అన్న మనిషి.
ముసలామె కదా, ఏదో అంటుందిలే అని తలూపాను.
ఆయన నోటు పుస్తకం గురించి ఎంత చెప్పిందో!
తన గురించి ఏమీ అనలేదు.
ఆయన లేళ్ళ వేటకు వెళ్ళిన వారాల్లో చేసిందా?
ఆయనకు తెలుసా? తెలిసీ రాయలేదా?
అట్టముక్క మీద పడుకుని చాలాసేపు
ఆ అంకెలే చూశాను. వీపు కింద చలి.

"ఏమైంది, గేరు విరిగిందా?" ఓర్విల్.
"లేదు. నాకంటే ముందు ఎవరో వచ్చి వెళ్ళారు."

మూసే ముందు మేకు వెతికాను.
హిల్మా కింద ఇంకా చోటుంది.
గీసి, రజను తుడిచి,
కొత్త ఫిల్టరు, కొత్త గాస్కెట్ పెట్టి
బోల్టులు ఎదురెదురుగా, మణికట్టు బలంతోనే బిగించాను.

కారిందంతా పాల డబ్బాల్లో కొలిచి
అంతకంత పోశాను, పొడుగాటి గరాటుతో.
దానిమ్మ రసం రంగు.
మరో సగం పాతది కన్వర్టర్‌లో ఉండిపోతుంది.
పాన్ విప్పితే వచ్చేది కాదది.
కొత్తదానికి దారి చెప్పడానికి కాబోలు.
ఇంజను వేడెక్కాక, గేర్లన్నీ ఒక్కొక్కటే వేసి తీసి,
డిప్‌స్టిక్ తుడిచి చూస్తే
ఎరుపూ కాదు, గోధుమా కాదు.

సాయంత్రం ఓర్విల్‌ని పక్కన కూర్చోబెట్టుకుని
కొండ ఎక్కించాను.
కింద ఖనిజం ఓడొకటి వంతెన లేపమని కూత పెట్టింది.
మూడో గేరు దగ్గర బ్యూయిక్ ఆగింది.
మునుపటికంటే తక్కువసేపు.
లేక నాకలా అనిపించిందో.
ఓర్విల్ ఏమీ అనలేదు,
తలుపు పిడి మీంచి చెయ్యి తీశాడు.

పొద్దున వాకిట్లో ఒక్క ఎర్ర చుక్క.
ఏదో బోల్టు
ఇంకో పావు తిప్పు అడుగుతోంది.